కూత మానిన కారు

“పెండ్లి సంబంధాల ఎంక్వైరీలు జేసుకునే మీకు, హత్య కేసుతోని ఏం పని మేడం?”

ఇన్‌స్పెక్టర్ దామోదర్ ఈ మాట అన్నది త్రివేణితోనే గానీ, చూపు మాత్రం పక్కనున్న ఇద్దరు కానిస్టేబుళ్ల మీద పెట్టాడు. వాళ్లు నవ్వాలి కదా మరి. నవ్వారు. ఉప్పల్ రింగ్ రోడ్డు పక్కన, పట్టుకొచ్చిన బండ్లన్నిటినీ కుప్పపోసే ఖాళీ జాగా అది. మధ్యలో ముక్కు చితికిన పాత తెల్ల కారు. దాని ముందు పానాల సంచీ పట్టుకుని త్రివేణి.

ఆమెకు కోపం రాలేదంటే అబద్ధమే. హబ్సిగూడలో లేడీస్ హాస్టల్ మీది ఒంటిగది ఆఫీసు, నెల పొడుగునా పెళ్లికొడుకుల జీతాలూ అలవాట్లూ ఆరా తీసే బతుకు, అదంతా నిజమే. కానీ అంతకుముందు పదేళ్లు బీమా కంపెనీ కోసం యాక్సిడెంట్ కార్ల కింద దూరిన మనిషి ఆమె. ఏది విరిగి కారు గుద్దుకుందో, ఏది గుద్దుకున్నాక విరిగిందో కళ్లతో చూసి తేల్చి చెప్పేది. ఆ సంగతి దామోదర్‌కు బాగా తెలుసు. నిరుడు నారపల్లిలో కాలిపోయిన కారు కేసులో ఆయన కట్టిన కథ తప్పని కోర్టులో నిలబడి చెప్పింది ఈమే. ఆ రోజు నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

“రాములమ్మ నా క్లయింటు. ఆమె కొడుకును మీరు లోపలేసిన్రు. కారు సూసెటందుకు మా వకీలు పర్మిషన్ తెచ్చిండు. కాదంటే చెప్పుండ్రి, గదే మాట కోర్టుల చెప్త” అంది త్రివేణి.

“సూడుండ్రి, బరాబర్ సూడుండ్రి. సాయంత్రం వాన్ని జడ్జి ముంగట నిలబెడ్తున్న. అప్పటిదాంక మీ ఇష్టం.”

అంటే ఆమెకున్నది ఈ ఒక్క పగలు. సాయంత్రం దాటితే రాములమ్మ కొడుకు దుర్గేష్ హంతకుడిగా జైలుకు పోతాడు, మళ్లీ ఎప్పుడొస్తాడో దేవుడికే ఎరుక.

జరిగింది ఇదీ. నాచారంలో సొంత ఇల్లున్న రిటైర్డ్ ఇంజనీరు ఉమామహేశ్వర్. ఆయన కారు బ్రేకులు ఏడాదిగా కూస్తున్నాయి. కూత అంటే మామూలు కూత కాదు, వీధి మలుపు దగ్గర స్పీడ్ బ్రేకర్ ముందు ఆయన బ్రేకు తొక్కితే నిద్రపోయే పసిపిల్లలు లేచి ఏడ్చేవారు. కాలనీవాళ్లు మొరపెట్టుకుంటే, నా బండి నా ఇష్టం అన్న పెద్దమనిషి ఆయన. అలాంటివాడు మొన్న ఆదివారం ఉన్నట్టుండి పనిలోకి దిగాడు. ఆ ఇంట్లో పనిచేసే తల్లి రాములమ్మతో వెనక గదిలో అద్దెకుండే దుర్గేష్‌ను పిలిచి జాకీ పట్టించి, ముందు చక్రాలు రెండూ ఊడదీసి బ్రేకు బాగుచేసుకున్నాడు. కూత పోయింది. మంగళవారం పొద్దున ఏడున్నరకు ఫ్యాక్టరీల వైపు దిగుడు రోడ్డులో అదే కారు అడ్డంగా తిరిగి, ఎదురుగా వచ్చే టిప్పర్ కిందికి దూరింది. కూతతో పాటు మనిషీ పోయాడు.

దామోదర్‌కు కేసు అల్లడానికి పూట కూడా పట్టలేదు. ఇల్లు ఖాళీ చెయ్యమని ఉమామహేశ్వర్ దుర్గేష్‌తో పోయిన నెలే గొడవపడ్డాడు, వీధంతా విన్నది. బ్రేకు పనిలో చెయ్యి పెట్టింది దుర్గేషే. బ్రేకు గ్రీజు ట్యూబు దొరికింది దుర్గేష్ గదిలోనే. ప్యాడ్ వెనక రాయాల్సిన గ్రీజును ముందు రాశాడు, ముసలాయనను చంపాడు, అయిపోయింది. పైగా నిందితుడు నోరు విప్పడు. కాదని అనడు, అవునని అనడు.

పొద్దున లాకప్ కటకటాల దగ్గర త్రివేణి అడిగినప్పుడు కూడా అతను ఒకే ఒక్క మాటన్నాడు. “అక్కా, ఈ కేసు ఇడిసిపెట్టు. మా అమ్మను ఊరికి తోలు.” తనను కాపాడటానికి వచ్చిన మనిషిని పొమ్మనేవాణ్ణి ఆమె అంతవరకు చూడలేదు. పౌరుషం కాబోలు అనుకుంది. అక్కడే ఆమె పొరపాటు పడింది.

ముందు కుడి చక్రం ఊడదీసింది. దాని వెనక డిస్కు, డిస్కును రెండు వైపుల నుంచి చప్పట్లు కొట్టినట్టు పట్టుకునే రెండు ప్యాడ్లు. కూత పుట్టేది ఇక్కడే. ప్యాడ్ మొహం నున్నగా గాజులా అయినా, వెనక గ్రీజు ఆరినా డిస్కు మీద వణుకుతుంది, ఆ వణుకే కూత. ఉమామహేశ్వర్ చేసిన పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. ప్యాడ్ల మొహాలు ఉప్పు కాగితంతో రుద్ది గరుకు తెప్పించాడు. అంచులు కాస్త అరగదీశాడు. వీపుకు మాత్రం పలచగా గ్రీజు రాశాడు, మొహం మీద చుక్క పడనివ్వలేదు. జారాల్సిన పిన్నులు వేలు పెడితే జారుతున్నాయి. మనిషి ఎలాంటివాడైనా చేతిపని శుభ్రంగా ఉందే అనుకుంది త్రివేణి.

ఎడమ చక్రం దగ్గర కథ మారింది. డిస్కు బయటి మొహం నల్లగా, జిగటగా ఉంది. బయటి ప్యాడ్ మాడిన అట్టులా మెరుస్తోంది. లోపలి మొహం, లోపలి ప్యాడ్ పొడిగా, బూడిదరంగులో, కుడి చక్రంలో ఉన్నట్టే ఉన్నాయి.

“దొరికింది గద గ్రీజు. మీరే దొరకపట్టిన్రు. థాంక్స్” అన్నాడు దామోదర్ వంగి చూసి.

“ఇది గ్రీజు గాదు సార్. వేలు పెట్టి సూడుండ్రి.”

ఆయన పెట్టలేదు. ఆమె వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మాడిన వాసన కిందనుంచి, గొంతులోకి దిగే చేదు. చిన్నప్పుడు తలలో పేలకు అమ్మ రుద్దిన నూనె. వేపనూనె.

దామోదర్ భుజాలెగరేశాడు. గ్రీజైతేంది, వేపనూనె అయితేంది, పెట్టింది వాడే కదా అన్నాడు. త్రివేణి ఓపిగ్గా చెప్పింది. చక్రం ఊడదీసి ఉన్నప్పుడు పాడు చెయ్యాలనుకునేవాడు రెండు ప్యాడ్లకూ రాస్తాడు, రెండు చక్రాలకూ రాస్తాడు. ఇది అలా కాదు. చక్రం బిగించాక, బయటినుంచి, చక్రం కమ్మీల సందులోంచి ఎవరో నూనె పిచికారీ కొట్టారు. అందుకే బయటి మొహం తడిసింది, లోపలిది తడవలేదు. అదీగాక సోమవారం సాయంత్రం లైబ్రరీ నుంచి ఆయన పక్కన కూర్చుని వచ్చిన గిరిప్రసాద్ అనే స్నేహితుడు బ్రేకు కొత్త కారులా పట్టిందన్నాడు. అంటే ఆదివారం ఏ తప్పూ జరగలేదు. సోమవారం సాయంత్రానికీ మంగళవారం పొద్దుటికీ మధ్య జరిగింది. కాలనీలో మెల్లగా పోయినంతసేపు తేడా తెలియలేదు. దిగుట్లో గట్టిగా తొక్కేసరికి కుడి చక్రం పట్టింది, ఎడమది జారింది, కారు కుడికి గుంజుకుపోయింది.

“సోమవారం రాత్రి మీ దుర్గేష్ ఫ్యాక్టరీల నైట్ డ్యూటీల ఉండె. నిన్న గేటు కాడ నేనే అడిగొచ్చిన. మీరెందుకు అడగలే?”

కానిస్టేబుళ్లు ఈసారి నవ్వలేదు. దామోదర్ మొహం కందగడ్డ అయింది.

“మీ దగ్గర జవాబులున్నయ్ మేడం. నా దగ్గర మనిషున్నడు. జడ్జికి మనిషే కావాలె” అన్నాడు.

ఆమె సంచీ సర్దుకుని స్కూటీ ఎక్కింది. గేటు దాటుతూ అద్దంలో చూస్తే దామోదర్ ఆ చక్రం ముందు గొంతుక్కూచుని ఉన్నాడు. వేలు డిస్కు మీద రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుంటున్నాడు. చూసింది, చూసి నవ్వుకుంది. నవ్వుకోవాల్సిన విషయం కాదని ఆమెకు ఇంకో గంటకు గానీ తెలియలేదు.

నాచారంలో ఆ ఇంటి ముందు ఇంకా షామియానా విప్పలేదు. లోపల చుట్టాలు. ఉమామహేశ్వర్ భార్య సుశీలమ్మ వాళ్లందరినీ తప్పించుకుని పోర్టికోలో కుర్చీలో కూర్చుని ఉంది, రెండు మోకాళ్లకూ ఆపరేషనైన భారీ మనిషి. త్రివేణిని చూడగానే మొహం గోడ వైపు తిప్పేసుకుంది.

“మీరు ఆ దుర్గేష్ తరఫు మనిషని తెలుసు. నాతో మీకేం పని లేదు. వెళ్లండి.”

త్రివేణి వెళ్లలేదు. కారు నిలబెట్టే చోటు చూసింది. నేల మీద టైర్ల జాడ ఇంకా ఉంది. కుడివైపు ఇల్లు, హాలు కిటికీ, కిటికీ కింద కరివేపాకూ గులాబీల కుండీలు. ఎడమవైపు ప్రహరీ గోడ. కారుకూ గోడకూ మధ్య మిగిలే సందులో తను పక్కకు తిరిగితే గానీ పట్టదు. సుశీలమ్మ అక్కడ దూరే ప్రశ్నే లేదు. కానీ అక్కడ కూర్చున్నవాళ్లు హాల్లో ఉన్న మనిషికి కనబడరు. కొట్టినవాళ్లు ఎడమ చక్రాన్నే ఎందుకు ఎంచుకున్నారో ఆమెకు అర్థమైంది. ఎవరో సన్నని మనిషి, ఉమామహేశ్వర్ కళ్లకు భయపడే మనిషి.

“ఒక్కటి చెప్పున్రి అమ్మా. ఏడాది నుంచి కాలనీ అంతా తిట్టినా కదలని సారు, మీరు గృహప్రవేశానికి పోయిన రోజే బ్రేకు ఎందుకు బాగుజేసుకున్నరు? మెకానిక్ దగ్గరికి తోలకుండ ఇంట్లనే ఎందుకు?”

“ఆ మాట దుర్గేష్‌నే అడగండి. పక్కన కూర్చుని లైటు పట్టింది వాడేగా” అంది సుశీలమ్మ. అంటూనే కింది పెదవి కొరుక్కుంది. “వాడు ఆపింది కూత కాదమ్మా, నా గొంతు నొక్కాడు.”

త్రివేణి మెట్టు మీద కూర్చుంది. ఇన్నేళ్ల పనిలో ఆమె నేర్చుకున్నది ఒకటుంది. ఎదుటి మనిషి ఏడుపు ఆపుకుంటున్నప్పుడు ప్రశ్న వెయ్యకూడదు.

సుశీలమ్మే చెప్పుకొచ్చింది. కూతురు నీరజ తండ్రి కాదన్నవాణ్ణి చేసుకుంది. మౌలాలిలో కాపురం. ఈ గడప తొక్కితే తల్లీకూతుళ్లిద్దరినీ వీధిలో నిలబెడతానన్నాడు తండ్రి, అన్నంత పనీ చేసే మనిషే. ఆయన రోజూ సాయంత్రం లైబ్రరీకి పోయేవాడు. ఆ వేళకు నీరజ వెనక గేటు నుంచి వచ్చి తల్లి దగ్గర కూర్చునేది. ఎవరూ గడియారం చూసుకునే పని లేదు. వీధి మలుపులో బ్రేకు కూసేది. కూత వినబడగానే నీరజ వెనకనుంచి వెళ్లిపోయేది, గ్లాసులు కడిగేసేవాళ్లు, టీవీలో భక్తి కార్యక్రమం వచ్చేసేది. ఏడాదిపాటు ఆ కూతే ఆ ఇంట్లో పిల్లి మెడలో గంట.

“ఆయనకు ఎలా తెలిసిందో తెలిసింది. అందుకే నేను లేనప్పుడు బాగుచేశాడు. సోమవారం సాయంత్రం చప్పుడు లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నీరజ అప్పుడే వెనక గేటు దాటింది. బల్ల మీద రెండు టీ గ్లాసులున్నాయి. రెండో గ్లాసు ముట్టుకు చూశాడు, వేడిగా ఉందా అని. రేపు కూడా వెళ్తాను, ఏ వేళకు వస్తానో చెప్పను అన్నాడంతే.” ఆమె కొంగుతో మొహం ఒత్తుకుంది. “పోయినవాడి గురించి ఇలా చెప్తున్నానని నన్ను తిట్టుకోండి. నాకు ఏడుపు రావడం లేదు. వస్తోందల్లా భయమే.”

ఇంటి గుమ్మం దగ్గర విడిచిన ఆడపిల్ల చెప్పులు త్రివేణి అప్పుడు గమనించింది. నీరజవే, ముందు గుమ్మం దగ్గర. ఏడాదిలో మొదటిసారి అయ్యుంటుంది.

అంటే ఈ ఇంట్లో ఆ కూత పోవాలని కోరుకున్నది ఒక్క ఉమామహేశ్వరే. తక్కినవాళ్లకు అది కావాలి. త్రివేణి బుర్రలో ఏదో గిర్రున తిరిగింది. పొద్దుటి నుంచి తను వెతుకుతున్నది బ్రేకు చెడగొట్టినవాళ్ల కోసం. కానీ వేపనూనె కొట్టిన మనిషికి బ్రేకు చెడగొట్టే ఆలోచనే లేకపోతే? కూత మళ్లీ రావాలని కొడితే?

“ఈ మొక్కలకు మందు కొట్టేది ఎవరమ్మా?” అని అడిగింది. అడుగుతూనే, ఈ ప్రశ్న వెయ్యకుండా ఉంటే బాగుండునని కూడా అనుకుంది.

“రాములమ్మే. సోమవారం సోమవారం పురుగు పట్టకుండా వేపనూనె కొడుతుంది. ఈ ఇంట్లో నాకంటూ ఉన్నది ఆవిడొక్కతే. దానికేం?”

అప్పటికే వెనక సందులోంచి రాములమ్మ వస్తోంది. ఎండుపుల్లలాంటి మనిషి, ఒక చేతిలో టీ గ్లాసు. తన కొడుకు కోసం తిరుగుతున్న మనిషి వచ్చిందని తెలిసి పరుగున పెట్టుకొచ్చిన టీ. కుళాయి పక్కన నీలం పిచికారీ డబ్బా, పొడుగు ముక్కుది, బోర్లించి ఉంది.

త్రివేణి లేచి ఆమెకు దగ్గరగా వెళ్లింది. గొంతు తగ్గించి అడిగింది, సోమవారం నాడు కారు దగ్గర గానీ మందు కొట్టినవా అని.

రాములమ్మ దాచలేదు. దాచాలని ఆమెకు తోచనైనా లేదు.

“కొట్టిన బిడ్డా. అమ్మ ఏడ్సుకుంట కూసున్నది, నీరజమ్మ ఇగ రాదు రాములూ అని. ఆదివారం పని జేస్తున్నప్పుడు సారు మా పోరనికి జెప్పిండట, జాగర్త, ఈ ప్యాడుకు నూనె చుక్క తాకిందంటే మళ్ల కూత షురువైతది అని. వాడు అన్నం తినుకుంట నాకు జెప్పిండు. మంచిగనే ఉంది, డబ్బల నూనె ఉండనే ఉంది, సారు హాల్ల కూసున్నడు, గోడ దిక్కు సందుల కూసోని కమ్మీలకెంచి కొట్టిన. బ్రేకుకు ఏమైతది, జర అరుస్తది అంతే గద.”

సుశీలమ్మ కుర్చీలోంచి లేవబోయి లేవలేక మళ్లీ కూర్చుంది.

“పొద్దుగాల సారు బండి తీసినప్పుడు చెవి పెట్టి ఇన్న” అంది రాములమ్మ. “మూలమీద కూత రాలే. తక్కువ కొట్టిన్నేమో అనుకున్న.”

త్రివేణికి లాకప్‌లో దుర్గేష్ అన్న మాట గుర్తొచ్చింది. యాక్సిడెంట్ చూసి మొదట పరుగెత్తినవాడు దుర్గేష్ అని నిన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర విన్నది. డ్యూటీ దిగి అదే రోడ్డున వస్తున్నాడు. తలుపు విరగ్గొట్టి ముసలాయనను బయటికి లాగింది అతనే. ఇంకా వేడి తగ్గని చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు ఆ చేదు వాసన అతని ముక్కుకు తగలకుండా ఉంటుందా? సోమవారం సోమవారం తల్లి చీరకు అంటుకునే వాసన అది. ఆ క్షణంలోనే అతనికి అంతా తెలిసిపోయింది. అందుకే నోరు కుట్టేసుకున్నాడు. అందుకే తల్లిని ఊరికి తోలమన్నాడు. పిచ్చివాడు, తనొక్కడే మింగుదామనుకున్నాడు.

“ఈ మాట ఇంకెవ్వరితోనన్న అన్నవా?” అంది రాములమ్మ చెయ్యి పట్టుకుని. “ఇప్పుడే లోపలికి నడువు. వకీలు వచ్చెదాంక నోరు తెర్వకు.”

“జర ఆలస్యమైంది మేడం.”

గేటు దగ్గర దామోదర్. జీపును వీధి మలుపులోనే ఆపించి నడిచి వచ్చాడు, చప్పుడు లేకుండా. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడ్డాడో గానీ, చేతిలో ఫోను రాములమ్మ వైపే తిప్పి, రికార్డు చేస్తూ ఉంది. కుళాయి దగ్గరికి పోయి రుమాలుతో పిచికారీ డబ్బా అందుకుని, వాసన చూసి, తల పంకించాడు.

“ఇది యాక్సిడెంట్, సార్. ఆమెకు తెల్వదు. మీరు గూడ ఇన్నరు” అంది త్రివేణి.

“ఇన్న. ప్యాడుకు నూనె తాకితే ఏమైతదో కొడుకు జెప్పిండు, తల్లి కొట్టింది. ఇల్లు ఖాళీ జెయ్యమన్నోడు సచ్చిండు. ఇద్దరు కలిసి జేసిన పనికి మా పుస్తకాల వేరే పేరుంటది.” ఆయన గొంతులో అరుపు లేదు, నిదానంగా, తృప్తిగా అన్నాడు. “పొద్దున మీ దగ్గర జవాబుండె, నా దగ్గర మనిషుండె. ఇప్పుడు రెండూ నా దగ్గరనే ఉన్నయ్. వేపనూనె అని జెప్పింది గూడ మీరే.”

త్రివేణి ఆయనకూ రాములమ్మకూ మధ్యకు వచ్చి నిలబడింది. వకీలు నంబరు నొక్కింది. ఒకణ్ణి విడిపించడానికి పొద్దున బయలుదేరిన మనిషి, మధ్యాహ్నానికి ఇద్దరిని అప్పజెప్పింది. కోపం దామోదర్ మీద కంటే తన మీదే ఎక్కువగా వచ్చింది.

రాములమ్మకు వాళ్ల మాటలు సగం అర్థమయ్యాయి. నూనె కొట్టింది తనే అని తేలింది కాబట్టి కొడుకు తప్పేమీ లేదని పోలీసాయన ఒప్పుకున్నట్టు ఆమెకు తోచింది. టీ గ్లాసు జాగ్రత్తగా మెట్టు మీద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

“ఒక్క నిమిషం ఆగు సారూ, వస్త. పోరడు మొన్నటి సంది సరింగ తిన్లే. డబ్బల అన్నం పెట్టుకొస్త. ఇంటికి తోలుకొచ్చేటప్పుడు తొవ్వల తింటడు.”